ఇరవై మూడో టోపీ

ఆదివారం పొద్దున సెలూన్లో కుర్చీ దొరకడమే కష్టం. అందులోనూ కూర్చున్నది చరిత్ర మాస్టారైతే వెనక బెంచీ మీదున్నవాళ్ళు పేపరు రెండోసారి చదువుకోవాల్సిందే. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకుని, బుగ్గలకి నురగ పట్టించుకుని, అద్దంలో బెంచీ మీదున్న జనాన్ని చూసుకుంటూ ఆయన మొదలుపెట్టారంటే, కత్తి పట్టుకున్న సెలూనాయన ఆ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని కాచుకుని నిలబడాలి. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని వెనకాల కోతల మాస్టారంటారు. ఎదురుగా మాత్రం "ఆ తర్వాతేమైంది మాస్టారూ?" అంటారు. ఆయనకి ఈ రెండోదే వినిపిస్తుంది.

ఆ రోజు కదిపింది సెలూనాయనే. "వసంతకాలం సెలవులకి కాలేజీ పిల్లల్ని ఏదో సముద్రపు దేశం తీసుకెళ్ళారటగా మాస్టారూ. బాగా జరిగిందా?"

మాస్టారు అద్దంలోంచి చూపు పక్కకి తిప్పుకున్నారు. తిరిగొచ్చి మూడు వారాలైంది. ఈ ప్రశ్న ఎవరు వేసినా అలాగే తిప్పుకుంటున్నారు. అక్కడ జరిగిన అసలు సంగతి ఇంట్లో ఆవిడకి కూడా చెప్పలేదాయన. పోనీ, ఆఁ బాగానే జరిగిందయ్యా అని ఊరుకోవచ్చుగా? ఊరుకోవడం ఆ ఒంట్లో లేదు.

"మధ్యధరా సముద్రం అంటే ఏమనుకున్నావయ్యా, మన వీధి చివర కాలవనుకున్నావా? పిల్లలు ఇరవై ముగ్గురు, నేనొక్కణ్ణి. ఇరవై ముగ్గుర్ని తీసుకెళ్ళాను, ఇరవై ముగ్గుర్నీ తీసుకొచ్చాను. అంతకుమించి గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. కానీ అదెలా కుదిరిందో తెలుసా? టోపీలు! ఒక్కొక్కళ్ళకీ ఒక్కో పసుప్పచ్చ టోపీ. తలకాయలు లెక్కపెడితే జనంలో కలిసిపోతాయి, టోపీలు కలవవు. బస్సెక్కితే టోపీలు, దిగితే టోపీలు, పడవెక్కితే టోపీలు. ఒక్కసారి, ఒక్కంటే ఒక్కసారి నా లెక్క తప్పుంటే అడుగు!"

"మీకూ ఓ టోపీ ఉందా?" అన్నాడు బెంచీ మీంచి రిటైరైన బస్సు కండక్టరు. ముప్ఫై ఏళ్ళు టిక్కెట్లు కొట్టినవాడు, లెక్కంటే చెవి అటే పడేస్తాడు.

"నాకెందుకయ్యా? ఇరవై మూడూ పిల్లలకే."

అప్పుడే తలుపు తోసుకుని ఎలక్ట్రీషియన్ లోపలికొచ్చాడు. భుజాన పనిముట్ల సంచి, చొక్కా జేబులో టెస్టరు. అద్దంలో అతన్ని చూడగానే మాస్టారి నోరు దానంతటదే మూతపడింది. ఇదే సందని సెలూనాయన ఎడమ బుగ్గ చకచకా గీసేశాడు.

"రావయ్యా, సమయానికొచ్చావు. మీ అమ్మాయి వెళ్ళిన ప్రయాణం గురించే చెప్తున్నారు," అని కండక్టరు జరిగి చోటిచ్చాడు.

ఎలక్ట్రీషియన్ కూర్చోలేదు. అద్దంలోనే మాస్టారికి దణ్ణం పెట్టాడు. "అక్కడ తప్పిపోయింది మా పిల్లేనండీ. మాస్టారే వెనక్కి తెచ్చారు. నేనింకా ఆయనకి సరిగ్గా కృతజ్ఞత కూడా చెప్పుకోలేదు. ఎలా తెచ్చారో చెప్పండి సార్. ఇంట్లో ఎంత అడిగినా అది నోరు విప్పదు."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆ పిల్ల తప్పిపోలేదు. ఆ దీవిలో పాత రాతి మండపం దగ్గర ఆయన కళ్ళజోడు మర్చిపోతే, "పరిగెత్తి తీసుకురామ్మా" అని పంపింది ఆయనే. ఆ పిల్ల వచ్చేలోపు పడవెక్కి వచ్చేసిందీ ఆయనే. ఇంటికి చేరాక, తప్పిపోయిందని తోటిపిల్లల నోట విని తండ్రి గద్దిస్తే, ఆ పిల్ల మాస్టారి మొహం ఒకసారి చూసి, "నేనే చూసుకోకుండా వెనకబడ్డాను నాన్నా" అంది. పక్కనే ఉన్న మాస్టారు అవునన్నట్టు తలూపారు. ఆ తలూపడం ఒక్కటే ఆయన చేసింది. మూడు వారాలుగా రాత్రీ పగలూ ఆ తల ఊగుతూనే ఉంది.

ఇప్పుడైనా చెప్పెయ్యొచ్చు. కానీ అద్దంలో అయిదు మొహాలు ఆయన్నే చూస్తున్నాయి. సిగ్గేసినప్పుడు మనిషన్నవాడికి మాట పడిపోతుంది. మాస్టారి ఖర్మేమిటో, సిగ్గేసిన కొద్దీ మాట లేస్తుంది.

"ఏముందండీ, పడవ బయల్దేరింది. మూడంతస్తుల పడవ. ఎక్కేముందు టోపీలు చూశాం, ఎక్కాకా చూశాం, ఇరవై మూడు. అయినా రెండు నిమిషాలు కాలేదు, నా కుడిభుజం అదిరింది! ఇన్నేళ్ళ సర్వీసులో ఆ భుజం అదిరిందంటే ఎవడో క్లాసు ఎగ్గొట్టాడన్నమాటే. పరిగెత్తుకెళ్ళి కెప్టెన్‌తో ‘తిప్పరా పడవ’ అన్నాను. ఎదురుగాలి, కుదరదన్నాడు."

"ఏ భాషలో?" అన్నాడు సెలూనాయన.

"వాడి భాషలోనే! రెండ్రోజులు చెవిన పడితే ఏ భాషైనా వచ్చేస్తుంది నాకు. వాడి వ్యాకరణం తప్పుంటే అది కూడా దిద్దాను. సరే, తిప్పనన్నాడు. నేనేం చేశానో తెలుసా? దూకేశాను! బూట్లతో సహా. జేబులో ఇరవై మూడు పాస్‌పోర్టులు, తడిస్తే పిల్లల గతేంటి? అందుకని అవన్నీ ఓ చేత్తో పైకెత్తి పట్టుకుని, ఒంటిచేత్తో ఈదాను. రెండు మైళ్ళు."

"రెండు నిమిషాల్లో పడవ రెండు మైళ్ళు వచ్చేసిందా?" అన్నాడు కండక్టరు.

"నేను దూకేసరికి అలలు దీవిని అవతలికి నెట్టేశాయయ్యా! రెండేమిటి, ఏడు మైళ్ళు ఈదాను."

"ఏడు మైళ్ళే!" అన్నాడు ఎలక్ట్రీషియన్ నెమ్మదిగా. అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే మాస్టారికి హాయిగా ఉండేది.

"మాస్టారూ, గొంతు దగ్గరికొచ్చాను. కాసేపు ఈత ఆపండి," అన్నాడు సెలూనాయన.

ఆపితే కదా! "మధ్యలో చేప అడ్డొచ్చింది. చేపంటే చేప కాదు, లారీ. నోరు తెరిచింది. దాని కళ్ళల్లోకి ఒక్క చూపు చూశాను, ఆఖరి బెంచీలో గోల చేసేవాణ్ణి చూసే చూపు. చచ్చినట్టు తల దించుకుంది. దించుకుని ఊరుకుందా? వీపు మీద ఎక్కించుకుంది! ఊరికే కూర్చోడమెందుకని ఆ సముద్రం మీద జరిగిన యుద్ధాలన్నీ దానికి చెప్పుకుంటూ వెళ్ళాను. తేదీలు మాత్రం దానికి బొత్తిగా తెలీవు పాపం. ఆ తర్వాత ఏమైందనుకున్నారు? ఒడ్డెక్కేసరికి రెండువేల ఏళ్ళనాటి రాతిస్తంభం ఒరిగిపోతోంది, సరిగ్గా పిల్ల నెత్తిమీదికి! వెళ్ళి భుజం ఆనించాను. ఇదే భుజం. నొక్కాను. నిలబడింది. ఇప్పటికీ ఆ దీవిలో తిన్నగా ఉన్న స్తంభం అదొక్కటే. మిగతావాటిని కూడా సరిచేసి వెళ్ళమని ఆ ప్రభుత్వం నాకు ఉత్తరం మీద ఉత్తరం!"

బెంచీ ఘొల్లుమంది. నవ్వనిది ఎలక్ట్రీషియన్ ఒక్కడే.

"అప్పుడు మా పిల్ల ఏం చేస్తోంది సార్?"

మాస్టారు తడుముకోలేదు. తడుముకునే అలవాటే లేదు. "ఏం చేస్తుందండీ, చిన్నపిల్ల. బిక్కచచ్చిపోయి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తనేమన్నారో ఆయనకి తెలియలేదు. చేపా, స్తంభమూ గాలిలోంచి పుట్టాయి. ఈ మెట్లు మాత్రం నిజం, ఏడుపూ నిజమే. ఏడ్చిన మనిషే మారాడు.

ఎలక్ట్రీషియన్ సంచి కింద పెట్టి, అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "నేనూ అదే అనుకున్నాను సార్. పై చదువుకి దానికి వేరే ఊళ్ళో సీటొచ్చింది, మీకు తెలుసుగా. ఒకరోజు పంపిద్దామనుకుంటాం, ఇంకోరోజు వద్దనుకుంటాం. మీ మాటతో తేలిపోయింది. ఇరవై ఇద్దరు తోడుండగా తప్పిపోయి, కూర్చుని ఏడ్చే పిల్ల ఒక్కతీ ఏం బతుకుతుంది? రేపు వెళ్ళి సీటు వద్దని రాసిచ్చేసి వస్తాను."

బెంచీ మీద నవ్వు ఆగిపోయింది. ఆ సీటొచ్చిన రోజు క్లాసులో పిల్లలందరిచేతా చప్పట్లు కొట్టించింది మాస్టారే.

"అయ్యో, అదేం మాటండీ!" అని కుర్చీలో సగం లేచారు. సెలూనాయన కత్తి వెనక్కి లాక్కున్నాడు. "మీ అమ్మాయంటే ఏమనుకుంటున్నారు! కాసేపు ఏడ్చిందే అనుకోండి, ఆ తర్వాత చూడాలి. దీవిలో పడవలవాళ్ళందర్నీ వరసలో నిలబెట్టేసింది! ఒకడి చేత తెడ్డు వేయించింది, ఒకడి చేత దారి చెప్పించింది, అసలా చేపకి గడ్డి పెట్టింది... గడ్డి కాదు, బుద్ధి చెప్పింది కూడా తనే..."

చెప్తున్నంతసేపూ తన గొంతు తనకే ఎబ్బెట్టుగా వినిపించింది. ఇన్నాళ్ళూ తన కోసం అబద్ధాలు ఆడినప్పుడు ఎంత ధారాళంగా వచ్చేవి! ఈ పిల్లకి ఒక్క మంచి మాట చెప్పబోతే మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి.

"పోన్లెండి సార్, మీ మంచితనం కొద్దీ అంటున్నారు," అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఎంత చెప్పినా తప్పిపోయింది తప్పిపోయిందే కదా."

"ఒక్క నిమిషం," అన్నాడు కండక్టరు. చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాడు. "చేపల సంగతి నాకు తెలీదు గానీ, లెక్క నాకు తెలుసు. టోపీలు ఇరవై మూడు, అన్నీ పిల్లలవే అన్నారు. పడవెక్కాక చూస్తే ఇరవై మూడూ ఉన్నాయన్నారు. ఈయన పిల్ల దీవిలోనే ఉండిపోయింది. అంటే ఇరవై రెండు ఉండాలి. మరి మాస్టారూ, ఆ ఇరవై మూడో టోపీ ఎవరి నెత్తిన ఉంది?"

అద్దంలో అందరూ మాస్టారినే చూస్తున్నారు. ఎడమ బుగ్గ నున్నగా ఉంది, కుడి బుగ్గ మీద నురగ ఆరి పెచ్చు కడుతోంది. నోట్లోకి మూడు నాలుగు కొత్త అబద్ధాలు వచ్చాయి, ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. ఈసారి వాటిని మింగేశారు.

"నా నెత్తిన," అన్నారు.

చెయ్యి బట్టతల మీద పెట్టుకుని మళ్ళీ అందుకున్నారు.

"ఎండకి మీ బట్టతల కాలిపోతోంది సార్ అని తన టోపీ తీసి నాకు పెట్టింది. నేనేమో కళ్ళజోడు మర్చిపోయాను, తెమ్మని తిప్పి పంపాను. కళ్ళజోడు లేక నాకు ఆనదు కదా, క్లాసు లీడర్ని టోపీలు లెక్కపెట్టమన్నాను. టోపీలు లెక్కపెట్టమంటే పాపం టోపీలే లెక్కపెట్టింది. నాది కూడా కలిపి." ఆయన అద్దంలోంచి చూపు దించుకున్నారు. "పడవ వచ్చేసింది. భుజం అదరలేదు. ఏమీ అదరలేదు. బసకి చేరాక, గది తాళం మీద నంబరు కనపడక, నా కళ్ళజోడేదమ్మా అని పిలిచాను. అప్పటిదాకా గుర్తే లేదు."

"అప్పుడేం చేశారు?" అన్నాడు ఎలక్ట్రీషియన్. సార్ అనలేదు.

"మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎవర్ని అడగాలో తెలీదు, ఏ భాషలో అడగాలో తెలీదు. మీ అమ్మాయే ఎవరెవర్నో సైగలతో అడుక్కుని, సాయంత్రం పడవ పట్టుకుని, బస వెతుక్కుంటూ వచ్చింది. వచ్చి నా చేతిలో కళ్ళజోడు పెట్టి, ఊరుకోండి సార్ అని నన్నే ఊరడించింది. ఎవరికీ చెప్పనులెండి అంది. సరేనన్నాను. అంత సిగ్గులేని పని నా జన్మలో చెయ్యలేదు."

ఎలక్ట్రీషియన్ ఆయన్నే చూశాడు. అద్దంలోంచి కాదు, ముందుకొచ్చి నిలబడి.

"మూడు వారాలుగా ఇంట్లో అందరం దాన్ని తిడుతున్నాం. నిన్న వాళ్ళమ్మ చెయ్యి కూడా చేసుకుంది. అది ఒక్క మాట అనలేదు."

మాస్టారికి తల ఎత్తబుద్ధి కాలేదు. కొట్టినా బాగుండేదనిపించింది.

"ఇదే మాట మా ఇంటికొచ్చి వాళ్ళమ్మ ముందు చెప్పండి."

"పదండి," అని మాస్టారు మెడకున్న గుడ్డ విప్పుకున్నారు.

"ఒకవైపే అయింది మాస్టారూ!" అన్నాడు సెలూనాయన.

"ఉండనియ్యి."

వీధిలో ఎలక్ట్రీషియన్ సంచి భుజాన వేసుకుని ముందు నడుస్తున్నాడు, మాస్టారు వెనక. తుడుచుకుందామంటే చేతిలో రుమాలు కూడా లేదు. మూల మీద మందుల షాపాయన కౌంటరు మీంచి వంగి, "ఇదేం అవతారం మాస్టారూ? పెద్ద కథే ఉన్నట్టుంది, చెప్పి వెళ్ళండి!" అని కేకేశాడు. రోజూ అయితే ఆ మాటకి గంట నిలబడేవారు.

"కథేం లేదండీ. తప్పు చేశాను, ఒప్పుకోడానికి వెళ్తున్నాను," అన్నారు. షాపాయన పకపకా నవ్వి, "మీతో వేగలేం మాస్టారూ!" అన్నాడు. మాస్టారు నడిచిపోయారు.

తలుపు తీసింది ఆ పిల్లే. సగం నురగ మొహం చూసి ఫక్కున నవ్వబోయి, పక్కన నిలబడ్డ తండ్రిని చూసి ఆగిపోయింది.

"చెప్పేశారా సార్?"

"చెప్పేశానమ్మా."

"ఏడ్చారని కూడానా?" అంది గొంతు తగ్గించి.

మాస్టారు తలూపారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల ఆయన పరువు ఇప్పటికీ కాపాడుతూనే ఉంది, అది ఆయనకి ఇంకా కష్టంగా ఉంది.

వంటింట్లోంచి వాళ్ళమ్మ "ఎవరే వచ్చింది?" అంటూ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కూర్చోమని కుర్చీ చూపించింది. మాస్టారు కూర్చోలేదు. నిలబడే చెప్పారు, మొదట్నించీ చివరిదాకా, ఉన్నది ఉన్నట్టు. ఆయన జీవితంలో అంత చిన్న కథ ఎప్పుడూ చెప్పి ఉండరు. మధ్యలో ఎవరూ ఆ తర్వాతేమైందని అడగలేదు.

ఆవిడ కూతురి దగ్గరికెళ్ళి, నిన్న తను కొట్టిన చెంప మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

ఎలక్ట్రీషియన్ సంచి భుజం మీంచి దించాడు. "కాలేజీ తెరిచే రోజున రైలుకి స్టేషన్ దాకా నేనొస్తాను," అన్నాడు కూతురితో.

"స్టేషన్ దాకేనా నాన్నా? ఆ ఊరు దాకా రావా?"

"నేనెందుకే? దారి కనుక్కోవడం నీకు నాకంటే బాగా తెలుసు."