పన్నెండో బెడ్డుకి లైన్ క్లియర్

ఫోన్లో ఎవరేం చెప్పినా టైము రాసుకుంటావెందుకు తాతయ్యా అంటావేటమ్మా? తిల్దాలో స్టేషన్ మాస్టరీ చేసినప్పటి అలవాటు. అవతలి స్టేషన్ వాడు లైన్ క్లియర్, అంటే దారి ఖాళీ, అని ఓ నంబరు చెప్పాలి. అది రాసుకున్నాకే బండి వదుల్తాం. బండి చేరేక, చేరిందని మళ్ళీ వాడే చెప్పాలి. అప్పటిదాకా ఆ నంబరు తెరిచే ఉంటుంది.

రెండోసారి కరోనా ముదిరినప్పుడు చూడాలి, మిట్టమధ్యాన్నం మన మోవా రోడ్డు మీద కుక్క కూడా లేదు. అంబులెన్సులు మున్సిపాలిటీవి, బెడ్లు ఆసుపత్రివి, ఆక్సిజన్ సిలిండర్లు భన్‌పురి ఫ్యాక్టరీల వాళ్ళవి. నేను పెద్దంటే నేను పెద్ద! ఒకళ్ళు పంపితే ఇంకొకళ్ళు ఖాళీ లేదనీవారు, మనిషి గేటు దగ్గరే పోయీవాడు. నాకు ఒళ్ళు మండిపోయి, ముగ్గుర్నీ మన తెలుగు సంఘం హాల్లో కూర్చోబెట్టి తిట్టీసేను. ఎవరి పెత్తనం వాళ్ళే ఉంచుకోండి, బెడ్డు ఖాళీ అని ఆసుపత్రి నంబరివ్వకుండా మాత్రం మనిషిని కదపకండి, వరస తప్పకండి అన్నాను. సరే, ఫోన్ దగ్గర నువ్వే కూర్చో అన్నారు.

ఆసుపత్రి నుంచి సాహూ అని కాంపౌండర్ మాటాడీవాడు. మొహం ఎప్పుడూ చూళ్ళేదు, గొంతే. నవ్వుతూ చెప్పీవాడు నంబరు. వారం పోయాక వేరే గొంతొచ్చింది. సాహూ ఏడయ్యా అంటే, పన్నెండో బెడ్డు మీద ఆయన్నే వేసేరన్నారు.

అప్పుడే మీ నాయనమ్మకి ఊపిరందడం మానీసింది. వరసలో ముందున్న వాళ్ళని తోసీలేను కదా, రూలు పెట్టిందే నేను. ఏడ్చేను తల్లీ. మర్నాటికి వరసలో ఆవిడే ముందు, బెడ్డే లేదు.

మధ్యాన్నం ఫోన్ మోగింది. సాహూయే. ఈసారి నవ్వు లేదు.

"మాస్టర్‌జీ, బారా నంబర్ ఖాలీ. లైన్ క్లియర్ లీజియే. బావన్."

పన్నెండో బెడ్డు ఖాళీ, లైన్ క్లియర్ తీసుకోమని. బావన్ అంటే యాభై రెండు. నయమై లేచేడనుకుని నాకు ప్రాణం లేచొచ్చింది. టైము రాసేను, రెండూ పది. నంబరు వినగానే అంబులెన్సు వాళ్ళూ సిలిండరు వాళ్ళూ మారుమాటాడకుండా కదిలేరు.

ఆవిడ్ని పడుకోబెట్టేక, సాహూ ఇంటికెళ్ళేడా అని నర్సమ్మనడిగేను. పొద్దున్న పదకొండున్నరకే ప్రాణం పోయిందంది. మరి ఫోనెవరు చేసేరు? ఎవరూ చెయ్యలేదట. వాళ్ళ రిజిస్టరు తెరిపించేను. రెండూ పది, యాభై రెండు, రాసుంది. రాత సాహూదే అంది నర్సమ్మ.

అదుగో, వంటింట్లో గిన్నెలు కడుగుతోందే, మీ నాయనమ్మ ఆ నంబరు మీదొచ్చిన మనిషే.

రేపట్నుంచి నువ్వూ ఆసుపత్రి డ్యూటీకెళ్తావు. ఎవరి ఆఫీసు పెద్దదని చూడకు, నంబరడుగు, టైము రాసుకో. చల్లగా ఉండమ్మా.

బండి చేరిందని మాత్రం సాహూ ఇంకా చెప్పలేదు, నా పుస్తకంలో ఆ యాభై రెండు ఇంకా తెరిచే ఉంది... ఉండుండు, ఫోన్ మోగుతోంది. నువ్వెత్తకు, నేనెత్తుతాను.