మామగారి వేలిముద్ర

లోపల బట్టీ ఆపే వేళ దాటిపోతోంది. తలుపుకు అల్లుడు బిగించిన కొత్త తాళం మీద బొటనవేలు ఆనించి ఆనించి కుమ్మరి విసిగిపోయాడు. పక్కనే కూతురు తాపీగా టీ తాగుతోంది.

“ఇది నన్ను గుర్తుపట్టడం లేదే.”

“మట్టి పిసికి పిసికి నీ వేలి గీతలన్నీ అరిగిపోయాయి నాన్నా.”

“మరి మీ ఆయన దీంట్లో ఎవరి వేలు ఎక్కించాడు?”

“నీదే. నా పెళ్లికి నువ్వు చేసిన ఈ కప్పు మీద నీ వేలు పడింది కదా, ఆ ముద్ర ఎక్కించారు.”

“అయితే కప్పు ఆనించు. అవతల కుండలు పగులుతాయి.”

“టీ కానివ్వు.”

ఆఖరి గుక్క మింగి ఆమె కప్పు ఆనించింది. తాళం అచ్చం అల్లుడి గొంతుతో పలికింది.

“నమస్కారం మామగారూ, లోపలికి రండి.”

తలుపు తెరుచుకుంది.

“వెళ్లు నాన్నా.”

“నేనెందుకమ్మా? మామగారు నీ చేతిలోనే ఉన్నారుగా. బట్టీ ఆయన్నే ఆపమను.”