నాలుగో వంతు

ఫిలిప్పీన్స్‌లోని విసాయాస్‌లో ఓ చిన్న దీవి. సాయంత్రం బడి వదిలాక టీచరు మారివిక్ గదికి తాళం వేస్తుండగా, మూడో తరగతి జోవెలిన్ తల్లి క్రిసాంత వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తాళం తర్వాత వేద్దువుగాని. ముందు నా మొగుణ్ణి ఎందుకు చంపావో చెప్పు."

"అవేం మాటలు క్రిసాంతక్కా! ముందు కూర్చోండి..."

"కూర్చోను. లెక్కలు నేర్పమని పంపితే నా వంటింట్లో దూరతావా? చేప ఎన్ని ముక్కలు కోస్తారు, ఒక్కొక్కరికీ ఎన్నో వంతు... ఇదేం చదువు?"

"భిన్నాలక్కా. పుస్తకంలో బొమ్మలు చూపిస్తే ఒక్కరికీ ఎక్కలేదు. ఇంట్లో రోజూ చూసేదైతే తేలిగ్గా..."

"ఎక్కింది! బాగా ఎక్కింది! నిన్న నా కూతురు బోర్డు మీద మూడో వంతని రాసిందట. ముగ్గురమా మేం? నేనూ, అదీ, చిన్నోడూ... మరి దోమింగ్?"

"ఆయన పడవ మీద ఉన్నాడు కదా, అందుకని పాప..."

"పడవ మీదుంటే? నడిసముద్రంలో ఉన్న మనిషిని లెక్కలోంచి తీసేస్తారా? ఐదు నెలలుగా ఆయన ముక్క ఆయన కంచంలో పెట్టాకే మేం అన్నం ముట్టేది. ఇవాళ రేవులో ఆడవాళ్ళంతా నన్ను జాలిగా చూస్తున్నారు. దోమింగ్ కబురేమైనా తెలిసిందా అని అడుగుతున్నారు. ఆయన పోయాడనే అనుకుంటున్నారు!"

"తప్పు నాదే. ఇక ఇంటి సంగతులు అడగను."

"అడక్కపోతే సరిపోదు. రేపు పిల్లలందరి ముందూ చెప్పు. జోవెలిన్ రాసింది తప్పు, వాళ్ళది నాలుగో వంతు అని."

"అది... అది వదిలెయ్యండక్కా."

"ఎందుకు వదలాలి?"

"పాపను కొట్టారా?"

"కొట్టాను. ఎందుకలా రాశావే అంటే నోరు విప్పితేగా! మాట మార్చకు. చెప్తావా, చెప్పవా?"

"చెప్పలేను."

"తప్పును తప్పనలేని దానివి టీచరువెందుకయ్యావ్?"

"మొదట నాలుగో వంతనే రాసిందక్కా."

"మరి? ఎవరు మార్పించారు? నువ్వేగా?"

"నేను కాదు."

"ఇంకెవరు? చెప్పు!"

"అవతలి దీవి నుంచి వచ్చే పిల్ల లేచి, తమది ఐదో వంతంది. 'మీ ఇంట్లో నలుగురేగా' అని ఆ పిల్లనడిగాను. 'పోయిన నెల పడవ దిగినప్పట్నుంచీ దోమింగ్ మావయ్య మా ఇంట్లోనే తింటున్నాడు టీచర్' అంది. అప్పుడు జోవెలిన్ లేచి వచ్చి, తను రాసింది చెరిపేసింది."