బయటి గడియ

కూల్చేముందు ఆ పాత మండువా ఇంటి వివరాలు నమోదు చేయడానికి పెనుగొండ వచ్చిన పురావస్తు పరిశోధకురాలు, చివరి గది ముందు ఆగి ఇంటావిడను అడిగింది.

“దీన్ని ఏ గదని రాయమంటారండీ?”

“సామాన్ల గదని రాసేయండి.”

“మరి తలుపులో కంచం పట్టేంత కంత ఎందుకు కోశారండీ? గడియ కూడా బయటే ఉంది.”

“మా మేనత్త ఉండేదండి ఇందులో. పిచ్చిదని పెట్టారు.”

“ఎన్నాళ్లుందండీ?”

“పోయేదాకా. నేను తలుపుకి వీపు ఆనించి కూర్చుంటే, ఆ కంతలోంచి చేతులు చాపి జడ వేసేది. స్కూల్లో అందరూ ఎవరేశారే అని అడిగేవారు.”

“మీకు ఇబ్బందైతే సామాన్ల గదనే రాస్తానండి.”

“వద్దండి. అచ్చాయమ్మ గదని రాయండి.”