మంచు దించిన బండ

వంటింటికి నాలుగో గోడ కట్టకుండా, కొండవాలులో ఉన్న పెద్ద బండనే గోడ చేసుకున్నాడు మేస్త్రీ. రాళ్ల చదువు చదివిన అక్క మొదటిసారి ఇంటికొచ్చి, దాని మీద చెయ్యేసి నిలబడిపోయింది. బయట వాన ఆగడం లేదు.

"ఇది ఈ కొండ రాయి కాదురా."

"మెల్లగా మాట్లాడక్కా, పక్కగదిలో పాప లేస్తుంది. ఇంత బండని ఎవరు మోసుకొస్తారు?"

"మంచు. ఒకప్పుడు ఈ లోయంతా మంచే, నదిలా జారేది. ఎక్కడి నుంచో దీన్ని ఈడ్చుకొచ్చి, కరిగిపోతూ ఇక్కడ దించేసింది. ఈ గీతలు ఆ ఒరిపిడివే."

"దించి ఎన్ని వేల ఏళ్లయిందో. కదల్లేదుగా."

"కింద తవ్వి చూశావా?"

"కొండే అనుకున్నాను. కొండకి పునాది ఎవరు చూస్తారు?"

"కింద ఉండేది మట్టేరా. అది నానితే..."

మేస్త్రీ పక్కగోడకీ బండకీ మధ్య తాను వదిలిన సందులో వేలు దూర్చి చూశాడు.

"ఈ సందు ఏటా వానల్లో మూసుకుపోతుంటే, ఇల్లు ఒరుగుతోందనుకున్నాను. గోడ చెక్కి మళ్లీ సందు చేసేవాణ్ణి."

"అంటే బండకి దారిస్తూ వచ్చావన్నమాట. వేలు తియ్యి ముందు."

అతను లాగాడు. మళ్లీ లాగాడు.

"అక్కా, పాపని ఎత్తుకుని నువ్వు బయటికెళ్లు."

"నువ్వు రా."

"వేలు రావట్లేదు."