బల్లకి అతికించిన బిళ్ళ

హలో… ఆ, నేనే. ఎక్స్‌రే గదిలో నేను కాక ఇంకెవరుంటారు డాక్టరుగారూ? కుక్కలు ఫోనెత్తవు కదా…

ఎవరూ, దొరా? ఆ నల్ల కుక్కేగా. పొద్దున్నే తీసి పైకి పంపాను. బండి గుద్దింది, తుంటి దగ్గర ఎముక విరిగింది. కుడివైపు.

ఏంటీ?… కుడివైపేనా అని అడుగుతున్నారా!

నవ్వొస్తోంది, ఏమనుకోకండి. తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. మీరు పలక పట్టుకుని బడికెళ్ళే రోజుల్నుంచీ ఈ సీసం కోటు మోస్తున్నాను. ఆవులకి తీశాను, గుర్రాలకి తీశాను. ఓసారి కొండచిలువకి కూడా. దానికి కాళ్ళే లేవు, అయినా కుడీ ఎడమా తప్పలేదు నేను…

ఎవరన్నారు?… దొరని తీసుకొచ్చిన ఆ పెద్దావిడా? వాడు ఎడమకాలు ఎత్తుకుని కుంటుతున్నాడటా?… అయ్యో రాత! మా తలుపు మీద 'లాగండి' అని ఇంతేసి అక్షరాలతో రాసుంటే, పావుగంట నెట్టింది మహాతల్లి. ఆవిడ చెబితే నా ఫిల్మ్‌ని అనుమానిస్తారా?

పోనీ మీరే చేత్తో పట్టి చూడలేకపోయారా?… ఆ, కరుస్తుంది. అవునవును, మీ వేళ్ళు బంగారం… ఇప్పుడు మత్తిచ్చారుగా?… రెండువైపులా వాచిందా? బండి కింద పడితే వాయకుండా ఉంటుందా మరి!

సరే, ఫిల్మ్ చూడండి. కుడి అని తెలియడానికి పెట్టే సీసపు బిళ్ళ తెల్లగా పడింది కదా?… విరిగిన కాలి పక్కనేగా?… మరింకేం! బిళ్ళ ఎటుంటే అటు కుడి. ఒకటో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు.

…ప్రతిసారీ చూసి పెడతానా అంటే? ప్రతి జంతువుకీ దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటే పని తెమిలినట్టే. సోమవారమే బల్లకి టేపు వేసి అతికించేశాను. తల కిటికీ వైపు, వెల్లకిలా పడుకోబెడతాం. ఎవరొచ్చినా అంతే. బిళ్ళ ఎప్పుడూ కుడికాలి దగ్గరే—

దొరా? వాడూ అంతే, వెల్ల—

…

ఆగండి. ఒక్క క్షణం ఆగండి.

డాక్టరుగారూ, కత్తి పెట్టారా?… బొచ్చు గొరిగారంతేనా? చేతిలోది కింద పెట్టండి. ముందు పెట్టండి!

వాడు వెల్లకిలా పడుకోలేదు. తిప్పబోతే ఊపిరాడక మీద మీదకి వచ్చాడు. బోర్లా పడుకోబెట్టి తీశాను. కుక్కని తిప్పాను, బిళ్ళని తిప్పలేదు… ఆ. విరిగింది ఎడమకాలే. ఆవిడ చెప్పిందే నిజం.

…

నవ్వండి. ఇందాకట్నుంచీ నేను నవ్వలేదూ? తిట్టినా పడతాను బాబూ…

వాణ్ణి కిందికి పంపండి. మత్తు దిగేలోపే మళ్ళీ తీస్తాను. పెద్దావిడకి మీరేం చెప్పొద్దు. నేనే వెళ్ళి చెబుతాను. అన్ని మాటలన్న నోటితోనే చెప్పాలి… ఇదిగో, టేపు పీకేస్తున్నాను.

ఏంటి?… అవును, సోమవారం నుంచే. ఇవాళ శుక్రవారం…

బోర్లా తీసింది వీడొక్కడికేనా అంటే…

…

మంగళవారం ఆ ముసలి పిల్లి. దానికీ తుంటే కదా, కీలు అరిగి… మీరే చేశారు, కుడివైపు.

లేదు, మీ తప్పు కాదు. నేను రాసిచ్చిందే మీరు చేశారు.

ఇంకా కుంటుతోందని నిన్న వాళ్ళు ఫోన్ చేశారు. నేనే ఎత్తాను. "మీ పిల్లికి గారాబం ఎక్కువైందమ్మా" అన్నాను. అని నవ్వాను కూడా.

…వాళ్ళ నంబరుందా మీ దగ్గర?… లేదు, నేనే చేస్తాను. చెప్పండి, రాసుకుంటాను… ఒక్కో అంకె మెల్లగా చెప్పండి… ఆ… ఆ…

ఉంటాను.