రంగు రాకపోతే

పొద్దున్న పదిన్నర. పెద్దావిడ వంటింట్లో ఉంది. గట్టు మీద నీళ్లను పరీక్ష చేసే డబ్బా తెరిచి ఉంది, పక్కన స్నానాలగదిలోని వేడినీళ్ల టబ్బులోంచి ముంచి తెచ్చిన చెంబు ఉంది. ఆమె చెవి దగ్గర ఫోను. అవతల మాట్లాడుతున్నది టబ్బు మెకానిక్కు.

"అబద్ధం చెప్పదు కదా నాయనా ఇది?"

"ఏది పిన్నిగారూ?"

"అదే, నువ్విచ్చిన పరీక్ష డబ్బా. అది చూపించింది చూపించినట్టు నమ్మొచ్చు కదా?"

"కళ్లు మూసుకుని నమ్మండి. ఏం, పొద్దున్నే అనుమానమొచ్చింది?"

"అనుమానమేం లేదు. ఊరికే. రంగు రాలేదు."

"రంగు రాకపోతే టబ్బులో క్లోరిన్ అయిపోయినట్టు. మందుంటేనే కదా గులాబీ రంగొచ్చేది. మామూలుగా మీవాడు చూసుకుంటాడు కదా ఇవన్నీ?"

"వాడు క్యాంపుకెళ్లాడు. చీటీ రాసి డబ్బా మూతకి అంటించి పోయాడు. అయితే రంగు లేదంటే మందు లేదనే కదా? ఖాయమే కదా?"

"ఖాయమే."

"హమ్మయ్య. ఉంటాను మరి."

"ఆగండి, ఆగండి. చుక్కల సీసా మీద తారీఖు చూశారా? గడువు దాటిపోతే రంగు రాదు."

"చూశాను. ఇంకా ఏడాదుంది."

"స్నానాలగదిలో పెట్టారా? చెమ్మకి పాడవుతాయి."

"లేదు నాయనా, బీరువాలో, నా పట్టుచీరల పక్కన పెట్టాను. వాటికున్నంత మర్యాద ఉంది దానికి."

"అయితే డబ్బా మంచిదే. మందు వేసెయ్యండి, అరగంటాగి మళ్లీ చూడండి."

"వేశాను."

"వేశాక రంగొచ్చిందా?"

"రాలేదు."

"రాలేదా?"

"మళ్లీ వేశాను. మళ్లీ రాలేదు. ముచ్చటగా మూడోసారి కూడా వేశాను. మంచినీళ్లలా అలాగే ఉన్నాయి."

"మూడుసార్లా! ఎంతెంత వేశారు?"

"చీటీలో ఉన్నంతే. నా సొంత తెలివి ఏమీ వాడలేదు."

"చీటీలో ఎంతుంది?"

"వెయ్యి."

"వెయ్యమనే ఉంటుందండీ. ఎంత వెయ్యమని?"

"అదే చెబుతున్నా కదయ్యా, వెయ్యి!"

"పిన్నిగారూ, చీటీ ఒకసారి ఉన్నదున్నట్టు చదవండి."

"'అమ్మా, రంగు రాకపోతే మందు వెయ్యి.' అంతే. కొలతగిన్నె మీద గీతలుంటాయి కదా, పైగీత వెయ్యి. అక్కడిదాకా నింపి పోశాను. వెయ్యి గ్రాములు."

"అయ్యయ్యో!"

"ఏమయ్యా? ఏం అయ్యయ్యో?"

"అమ్మా, వెయ్యి అంటే వెయ్యమని! అంకె కాదు! వేసేది ఒక చెంచాడు!"

"చెంచా... వాడు రాయొచ్చు కదా చెంచాడని!"

"మూడు కిలోలు పోశారా ఆ టబ్బులో?"

"పోస్తే మాత్రం? రంగే రాలేదంటుంటే. మూడు కిలోలు పోసినా మందు లేదని నీ డబ్బాయే చెబుతోంది. డబ్బా మంచిదని నువ్వే అన్నావు. ఇందాక అన్నావా లేదా?"

"అన్నాను. పిన్నిగారూ, నేనడిగిందానికి బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. చుక్క పడగానే కాస్త గులాబీ తళుక్కుమని, వెంటనే మాయమైపోయిందా?"

"నా కళ్లజోడు మురికిగా ఉందనుకున్నాను."

"తళుక్కుమందా?"

"ఊఁ. ఒక్క క్షణం. రెండోసారి అది కూడా లేదు."

"మీ దగ్గర టబ్బునీళ్లున్నాయా? గ్లాసు నిండా మంచినీళ్లు పట్టి, ఆ నీళ్లు ఒక్క చెంచాడు కలపండి. దాంట్లోంచి తీసి చుక్కలు వెయ్యండి."

"ఎందుకయ్యా ఇదంతా?"

"కలపండమ్మా, నా మాట విని!"

"కసురుకోకు. కలుపుతున్నా. సగం గట్టు మీదే పోయింది. ఒకటి... రెండు... నాయనా!"

"రంగొచ్చిందా?"

"ఎర్రగా వచ్చింది. గులాబీ కాదు, దానిమ్మగింజలా ఉంది. చెంచాడు నీళ్లకేనా ఇంత?"

"మందు మరీ ఎక్కువైతే ఆ రంగునే తినేస్తుంది. తెల్లబట్ట మీద మరకని తినేసినట్టు. అందుకే మీకు తెల్లగా కనబడింది. అసలు లేకపోయినా తెలుపే, మితిమీరినా తెలుపే."

"ఆ ముక్క డబ్బా మీద రాయలేదే!"

"లోపలి కాగితం మీద ఉంటుంది, చీమతలకాయంత అక్షరాల్లో. నేను నోటితో చెప్పాల్సింది. చెప్పలేదు. నాదీ తప్పే."

"నాదీ నీదీ తరవాత చూద్దాం. ఎవరైనా ఆ నీళ్లలో దిగితే ఏమవుతుంది?"

"దిగకూడదు. వేడినీళ్లు కదా, ఆ మందు ఆవిరవుతుంది. తలుపులు మూసుంటే గదంతా అదే గాలి. కళ్లు మండుతాయి, ఊపిరాడదు."

"చిన్నపిల్లలకి కదా? పెద్దవాళ్లు తట్టుకుంటారు కదా?"

"పెద్దవాళ్లకి ఇంకా కష్టం. ఇంట్లో ఎవరెవరున్నారిప్పుడు?"

"నేనొక్కదాన్నే. ఆయన బజారుకెళ్లారు."

"బతికించారు. బాబాయిగారు రాగానే ఆ గది గుమ్మం తొక్కద్దని చెప్పండి. బయటి నుంచి కిటికీ తెరుచుకుంటుందా?"

"లోపలి నుంచే. చలిగాలి తగిలితే మోకాళ్లు పట్టేస్తాయని ఆయనే బిగించేశారు. ఒకవేళ... ఊరికే అడుగుతున్నా. ఒకవేళ ఎవరైనా దిగి ఎంతసేపు కూర్చుంటే ప్రమాదం?"

"ఎంతసేపేమిటండీ, రెండు నిమిషాలు కూడా ఉండలేరు. దగ్గొచ్చి వాళ్లే బయటికి పరిగెత్తుకొస్తారు."

"పరిగెత్తలేని మనిషైతే? మెట్టు ఎక్కడానికి నా భుజం పట్టుకునే మనిషైతే?"

"పిన్నిగారూ. బాబాయిగారు నిజంగా బజారుకే వెళ్లారా?"

"బజారుకే."

"ఎలా వెళ్లారు? నడిచా? చెప్పండమ్మా, ఆయనెక్కడున్నారు?"

"డబ్బా మంచిదే అన్నావు కదా నువ్వు. హమ్మయ్య అనుకున్నాను కూడా. అక్కడితో నన్ను వదిలేసి ఉంటే బావుండేది."

"నేను బయల్దేరుతున్నా. అంబులెన్సుకి కూడా చెబుతా. మీరు ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని ముందు ఆ తలుపు తియ్యండి. తీశారా?"

"అరగంట కిందట దిగారు. దిగగానే దగ్గు. 'ఘాటుగా ఉన్నాయే నీళ్లు, వచ్చి చెయ్యందించు' అని కేకేశారు. రంగే రాలేదు, ఘాటెక్కణ్నుంచి వస్తుంది, చాదస్తం కాకపోతే, కదలకుండా కూర్చోండని ఇక్కణ్నుంచే కసిరాను."

"అమ్మా, తలుపు తియ్యండి!"

"కాసేపటికి దగ్గు ఆగిపోయింది నాయనా. అది ఆగాకే నీకు ఫోన్ చేశాను."